పట్టాలవతలికి వినబడే పేరు

నా పేరు నాకోసం పెట్టింది కాదు. ఈ మాట అన్నప్పుడల్లా మా మేనత్త వరదమ్మకు ఒళ్ళు మండుతుంది. నిన్ను ఒళ్ళో వేసుకుని చెవిలో ముమ్మారు పేరు చెప్పింది నేను కాదా అని గొడవకు వస్తుంది. చెప్పింది ఆమే, కాదనను. కానీ ఏ పేరు చెప్పాలో తేల్చింది మా అమ్మ. అది కూడా అందం చూసి కాదు, అర్థం చూసి కాదు, నక్షత్రం చూసి అసలే కాదు. పిలిస్తే చివర ఎట్లా సాగుతుందో చూసి తేల్చింది. తలకాయ ఏదైనా పరవాలేదు, తోక మాత్రం తను చెప్పినట్టే ఉండాలంది. ఆ తోకతోనే నేను ఇన్నేళ్ళూ బతుకుతున్నాను.

మాది తిరువళ్ళూరు. మా నాయన లోకనాథం రైల్వేలో గ్యాంగ్‌మన్. స్టేషన్ దాటి కడంబత్తూరు వైపు పోయే దారిలో, పట్టాల పక్కన వరసగా కట్టిన రైల్వే ఇళ్ళల్లో ఒకటి మాకిచ్చారు. పెరటి తలుపు తీస్తే పట్టాలే. బండి వస్తే మాట ఆపేసి, అది పోయాక ఆపిన చోటి నుంచి అందుకోవడం మా ఇళ్ళల్లో అందరికీ అలవాటు. కొత్తగా వచ్చిన చుట్టాలకు మాత్రం మేమందరం ఉన్నట్టుండి నోరు పడిపోయే జబ్బువాళ్ళలాగా కనిపించేవాళ్ళం.

నాకంటే ముందు ఆ ఇంట్లో ఒక పిల్ల ఉండేది. మా అక్క కోకిల. నేను చూడలేదు. మూడో ఏట దానికి టైఫాయిడ్ వచ్చి చావు దాకా పోయి తిరిగొచ్చిందట. బతికితే గుండు కొట్టిస్తానని అమ్మ తిరుత్తణి మురుగనికి మొక్కుకుంది. డెబ్భై నాలుగులో ఆడికృత్తికకు, ఆడి నెలలో వచ్చే మురుగని పండక్కు, ఆ మొక్కు తీర్చడానికి పోయారు. తిరుత్తణిలో ఆ పండగ చూసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు, చూడనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. కొండంతా పసుపు బట్టలు, కొండంతా గుండ్లు. గుండు మీద గంధం పూశాక చిన్నపిల్లల్లో ఆడపిల్ల ఎవరో మగపిల్లాడు ఎవరో కన్నతల్లికి కూడా చప్పున తెలియదు.

మెట్లు దిగుతుంటే ఒక మలుపులో పూల కావళ్ళ గుంపు అరోహరా అంటూ ఎదురొచ్చింది. అందరూ పక్కకు ఒత్తుకున్నారు. గుంపు పోయాక అమ్మ చెయ్యి చాచింది. ఒక చిన్న చెయ్యి దొరికింది. దాన్ని పట్టుకుని, జనంలో దారి చేసుకుంటూ కిందిదాకా దిగింది. దారి పొడుగునా ఆ చేతితో మాట్లాడుతూనే ఉందట, కాళ్ళు కాలుతున్నాయా, ఆకలేస్తోందా అని. కింద ముక్కు తుడుద్దామని వంగి చూస్తే, వాడు ఎవరో మగపిల్లాడు.

వాడు ఏడవలేదు. నేను మీ బిడ్డను కాదని చెప్పనూ లేదు. వాడికీ ఎవరిదో ఒక చెయ్యి దొరికింది, అది చాలనుకున్నట్టున్నాడు. వాళ్ళమ్మ కాసేపటికే గుండెలు బాదుకుంటూ వచ్చి వాణ్ణి చంకనేసుకుని పోయింది. మా అక్క దొరకలేదు.

మైకులో చెప్పించారు. నాలుగేళ్ళ పిల్ల, గుండు, గంధం, పసుపు గౌను. ఆ గుర్తులకు కొండమీద ఎంతమందో. నాయన తోటి గ్యాంగువాళ్ళు ఇటు అరక్కోణం దాకా అటు రేణిగుంట దాకా ప్రతి స్టేషనులో అడిగారు. బిడ్డలు లేని వాళ్ళెవరో ఎత్తుకుపోయారని ఒకరు, చిత్తూరు బస్సులో చూశామని ఇంకొకరు చెప్పారు. ఎవరేం చెబితే అక్కడికల్లా నాయన పోయి వచ్చాడు. కొన్నాళ్ళకు చెప్పేవాళ్ళూ మానేశారు.

మరుసటి ఏడు ఆడికృత్తికకు అమ్మ మళ్ళీ కొండకు పోయింది. ఆ మలుపులోనే నిలబడి కోకిలా కోకిలా అని గొంతు చించుకుని పిలిచింది. ఎవరమ్మా పిల్ల, ఎప్పుడు తప్పిపోయిందని జనం అడిగారు. పోయిన కృత్తికకు అని అమ్మ చెప్పగానే వాళ్ళ మొహాలు మారిపోయాయి. పాపం మతి చలించిందని పక్కకు తీసుకుపోయి, మొహాన నీళ్ళు కొట్టి, నుదుట విభూతి పెట్టి, ఇంటికి తీసుకుపొమ్మని నాయనకు అప్పజెప్పారు.

నేను డెబ్భై ఆరులో పుట్టాను. మళ్ళీ ఆడపిల్లే అనగానే చుట్టాలందరికీ ఒకటే ఆలోచన వచ్చింది. నోరు తెరిచి చెప్పే ధైర్యం మాత్రం మా అత్త ఒక్కదానికే ఉంది. ఆమె నాయనకు అక్క, కడంబత్తూరులో కాపురం. మా వాళ్ళల్లో బిడ్డకు పేరు చెప్పే హక్కు మేనత్తది. ఆ హక్కుతో, తొట్లో వేసే రోజుకు రెండు రోజుల ముందే దిగి, బిడ్డకు కోకిల అనే పెడదామంది.

మా వాళ్ళల్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. బతికున్న మనిషి పేరు ఆ ఇంట్లో ఇంకొకరికి పెట్టరు. అవ్వ పేరు మనవరాలికి రావాలంటే అవ్వ కన్ను మూయాలి. అందుకని అత్త అన్నది పేరు గురించే అయినా, రెండేళ్ళుగా అమ్మ ముందు ఎవరూ అనని మాట అన్నట్టయింది. ఇక ఏడ్చి ఊరుకో, దీన్ని చూసుకుని బతుకు అని అత్త ఉద్దేశం. చెడ్డ ఉద్దేశం కాదు.

"కోకిల ఉండాది వదినా," అందట అమ్మ. "ఉన్నదాని పేరు దీనికెట్ల పెడతారు?"

అత్త నాలుక కరుచుకుని, సరే, వసంత అని పెడదాం, నాకు ఆ పేరు చిన్నప్పటి నుంచీ ఇష్టం అంది. అమ్మ దానికీ తల అడ్డంగా ఊపింది. కోకిలా అని పిలిస్తే చివర ఎట్లా సాగుతుందో అట్లానే సాగే పేరు కావాలంది. ఎందుకని అడిగింది అత్త. అమ్మ మామూలుగా ముక్తసరి మనిషి. ఆ రోజు మాత్రం ఇన్ని మాటలు మాట్లాడిందట.

"పోయినేడు కొండ మింద పిలిస్తే నన్ను పక్కకు లాక్కోనిపోయినారు. లేని బిడ్డను పిలిస్తే పైత్యం అంటారు వదినా. ఉన్న బిడ్డను పిలిస్తే ఎవురూ ఏమీ అనరు. దీన్ని తోడుకోనిపోతా, దీన్నే పిలస్తా. అంత గలాటాలో పేరు మొదలు ఎవురికి వినబడతాది? చివర సాగేదే గదా వినబడేది. అది వింటే నా బిడ్డ తిరిగి చూస్తాది."

అత్త కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. తిరిగొచ్చాక కాదనలేదు. పేరు పెట్టమంటే ఊదే పీక కొనుక్కురమ్మన్నట్టుందే అని గొణుక్కుంటూనే, తెలిసిన పేర్లన్నీ తిరగేసింది. విమల, నిర్మల, మంజుల, వత్సల. అమ్మకు ఇంట్లో కూర్చుని వింటే చాలలేదు. దూరం పోయి వింటానంది. చెవుల్లో దూది పెట్టుకుని తలగుడ్డ చుట్టుకున్న పచ్చి బాలింత, ఆ దూది తీసి పారేసి, పట్టాలు దాటి అవతలి గట్టు మీద నిలబడింది. అత్త పెరటి వాకిట్లో నిలబడి ఒక్కో పేరే పిలిచింది. ఈ భాగం చెప్పేటప్పుడు అత్త ఇప్పటికీ నవ్వుతుంది. "మీ అమ్మ పేర్లు విన్నట్టు లేదు, సంతలో కుండలు తట్టి చూసినట్టు ఉండె," అంటుంది. పిలిచిన ప్రతి పేరుకూ అవతల నుంచి అమ్మ చెయ్యి ఊపింది, అది కాదు, అది కాదు అని.

చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు. అత్తకు పేర్లు అయిపోయాయి. అప్పటిదాకా గడప మీద తల వంచుకుని కూర్చున్న నాయన, రైల్వే గేటు దగ్గర రోజూ ఆగే రాళ్ళ లారీ మొహాన ఒక పేరు రాసి ఉంటుందే, అది పిలిచి చూడు అక్కా అన్నాడు. నా పేరు పుట్టింది అక్కడ. దేవుడి సన్నిధిలో కాదు, లారీ మొహాన.

సరిగ్గా అప్పుడే గూడ్సు వచ్చింది. అది అయ్యేదాకా ఆగుదామనుకుంది అత్త, కానీ గూడ్సు సందుల్లోంచి అవతల అమ్మ ఇంకా పిలవమన్నట్టు చెయ్యి ఆడించడం కనిపించింది. అత్త ఉన్న శక్తంతా కూడదీసుకుని అఖిలా అని అరిచింది. మళ్ళీ అరిచింది. గూడ్సు పోయింది. అవతల గట్టు మీద అమ్మ నిలబడి లేదు. కంకర మీద కూలబడి ఉంది. బాలింత కళ్ళు తిరిగి పడిపోయిందని అందరూ పరుగెత్తారు. కళ్ళు తిరగలేదు. ఏడుస్తోంది.

"కిలా అని వినబడినాది వదినా," అంది. "అంతే వినబడినాది."

ఆ విధంగా నేను అఖిలనయ్యాను. పట్టాలవతలి నుంచి వింటే మా అక్కలాగా వినబడే పిల్లను.

పేరు అర్థం నాకు బడిలో టీచరు చెప్పింది, అంతా, సమస్తం అని. ఇంటికొచ్చి గొప్పగా చెబితే అమ్మ ఊఁ అంది. అర్థంతో ఆమెకు పనిలేదు. ఆమె ఆ పేరును దూరం నుంచి పిలవడానికే వాడేది. దగ్గర ఉంటే నేను ఏమే, ఇదో, పాపా. నీళ్ళు తెమ్మన్నా, అన్నం తినమన్నా, జ్వరంలో మాత్ర మింగమన్నా పేరు ఉండదు. నేను గేటు దగ్గరి అంగడికి పోతేనో, పట్టాల పక్కన ఆడుతుంటేనో మాత్రం పెరటి వాకిట్లోకి వచ్చి, అఖిలా అని చివరను గాలిలోకి వదిలేది. ఆడి నెల దగ్గరపడే కొద్దీ ఆ పిలుపులు ఎక్కువయ్యేవి. పని లేకపోయినా పిలిచేది. పరుగెత్తుకుంటూ పోయి ఏంమా అంటే, ఏమీలేదు పో అనేది. గొంతు ఎంత దూరం పోతోందో చూసుకునేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

మా పక్కింట్లో వళ్ళియమ్మ అని ఉండేది. ఆమెకు నా ఈడు కూతురు. సాయంత్రం గడప మీద కూర్చోబెట్టి తల దువ్వుతూ, కుదురుగా ఉండవే మల్లికా అని విసుక్కునేది. విసుగే అయినా ఆ పేరు ఆమె నోట్లోంచి చిన్నగా, పొట్టిగా వచ్చి ఆ పిల్ల నెత్తిన వాలేది. చివర సాగేది కాదు. ఎటూ పోయేది కాదు. నేను అరుగు మీద కూర్చుని అది విని, కడుపు మండి, మల్లికతో మాట్లాడటం మానేసిన రోజులున్నాయి. నాకు కావలసింది అంతే. నా పక్కన కూర్చుని, నా మొహం చూస్తూ, నాకు మాత్రమే వినబడేట్టు మా అమ్మ నా పేరు అనాలి. నోరు తెరిచి అడిగేది కాదు అది. అడిగి అనిపించుకుంటే ఇంకేముంది?

నా బాధ అత్తకు ఎట్లా తెలిసిందో గానీ తెలిసింది. సెలవులకు కడంబత్తూరు పోయినప్పుడు, ఎవరూ లేనప్పుడు నన్ను వసంతా అని పిలిచేది. తను పెట్టాలనుకున్న పేరు. ఇది నీదే, దీనికి వాటాదార్లు లేరు అనేది. మొదట్లో సంబరంగా ఉండేది. రెండు సెలవులు ఆ పేరుకు పలికాను. తర్వాత ఒకరోజు అత్త పిలిస్తే పలకబుద్ధి కాలేదు. నాకు వేరే పేరు అక్కర్లేదని అప్పుడు తెలిసింది. నా పేరే కావాలి, మా అమ్మ నోటి నుంచి కావాలి.

ప్రతి ఆడికృత్తికకూ తిరుపతి ప్యాసింజర్‌లో తిరుత్తణి పోయేవాళ్ళం. ఆ మలుపు దగ్గర అమ్మ ఆగిపోయేది. నాయన నన్ను చెయ్యి పట్టుకుని జనంలో కొంత దూరం తీసుకుపోయేవాడు. అప్పుడు పిలిచేది. ఇక్కడుండాను మా అని నేను చెయ్యి ఎత్తేదాన్ని. ఆమె నన్ను చూసేది కాదు. చుట్టూ ఎవరు తల తిప్పారో చూసేది. ఏటేటా ఆమె కళ్ళు వెతికే ఎత్తు పెరుగుతూ వచ్చింది. నేను ఐదేళ్ళదాన్ని అయినప్పుడు పదకొండేళ్ళ పిల్లల్ని చూసేది, నేను ఆరేళ్ళదాన్ని అయినప్పుడు పన్నెండేళ్ళవాళ్ళని. నేను ఎప్పటికీ ఆ ఎత్తు అందుకోలేకపోయాను. బస్సుకు చెయ్యెత్తితే నా ముందు ఆగకుండా, నా వెనకవాళ్ళ దగ్గర ఆగినట్టుండేది.

ఒక ఏడు నిజంగానే ఒక పిల్ల తిరిగింది. పన్నెండు పదమూడేళ్ళు ఉంటాయి, చామనఛాయ, గుండు కాదు, రెండు జడలు. తిరగడమే కాదు, వస్తున్నా అన్నట్టు రెండు మెట్లు దిగింది కూడా. అమ్మ జనాన్ని తోసుకుంటూ పోయి ఆ పిల్ల ముందు నిలబడి పేరడిగింది. కోకిల అంది ఆ పిల్ల. నా పక్కన నాయన ఊపిరి ఆగిపోవడం నాకు వినబడింది. అమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. ఇంతలో పై మెట్ల నుంచి వాళ్ళమ్మ దిగొచ్చింది. పొన్నేరి వైపు నుంచి వచ్చిన తమిళావిడ. కోప్పడలేదు. అమ్మ మొహం చూడగానే ఆమెకు ఏదో అర్థమైనట్టుంది.

"ఇదు ఎన్ పొణ్ణుమ్మా," అంది మెల్లగా, ఇది నా బిడ్డమ్మా అని.

అమ్మ గడ్డం వదిలేసి, తప్పయిపోయిందని చేతులు జోడించి, మా సంచిలోని అరటిపళ్ళు రెండు ఆ పిల్ల చేతిలో పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఏడుస్తుందని నేనూ నాయనా భయపడ్డాం. ఏడవలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, తిరువాలంగాడు దాటాక ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "చూసినావా, ఆ బిడ్డ తిరిగినాది. పిలిస్తే తిరగతారు," అంది. ఆమెకు అంత సంతోషం నేను ఎన్నడూ చూడలేదు. ఆ సంతోషంలో నా పేరు బాగా పనిచేస్తుందన్న మెప్పు కూడా ఉంది. దానికి పొంగిపోవాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఎనభై ఆరులో అమ్మ గొంతు పోయింది. ఎండాకాలంలో బొంగురుపోయిందనుకున్నాం. మిరియాల కషాయం తాగింది, కరక్కాయ బుగ్గన పెట్టుకుంది. ఆడికి ముందొచ్చే ఆనీ నెలకల్లా మాట గాలి మాత్రమే అయింది. నాయన డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. గొంతులో కాయ కాసింది, పార పట్టే చేతికి కాసినట్టు, ఏం పని చేస్తుంది ఈమె, ఏమైనా అమ్ముతూ వీధుల్లో అరుస్తుందా అని డాక్టరు అడిగాడట. లేదన్నాడు నాయన. కొన్ని నెలలు నోరు విప్పొద్దని, అరిస్తే గొంతు తిరిగి రాదని చెప్పి పంపించారు.

ఆడికృత్తికకు ఈ ఏడు వద్దన్నాడు నాయన. అమ్మ వాదించలేదు, వాదించడానికి గొంతు లేదు. పొద్దున్నే స్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, సంచి పట్టుకుని వాకిట్లో నిలబడింది. ముగ్గురం బయల్దేరాం. రైల్లో నా చెవి దగ్గరికి వచ్చి, ఊపిరితో అంది.

"నువ్వు పిలువు."

నా పేరును నేనే పిలుచుకోవాలా అని అడిగాను. అవునన్నట్టు తల ఊపింది. అప్పుడు నాకు పదేళ్ళు. పదేళ్ళ కోపమూ ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. నేను పిలవను, నన్ను ఎవరు పిలుస్తారని అడుగుదామనుకున్నాను. నాయన నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. 

మలుపు దగ్గర అమ్మ ఆగి, నన్ను కొన్ని మెట్లు పైకి పొమ్మని చేత్తో చూపించింది. ఎక్కి, జనం వైపు తిరిగి, అఖిలా అని పిలిచాను. సిగ్గుతో సగమే వచ్చింది. మళ్ళీ పిలిచాను. పాలబిందె ఎత్తుకుని పోతున్న ఒక ముసలామె ఆగి, ఎవరిని వెతుకుతున్నావమ్మా అంది. అఖిలను అన్నాను. నీ పేరేమిటి అంది. అఖిల అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, మురుగా అనుకుంటూ పోయింది. నాకు నవ్వు రాలేదు.

నేను అన్నేళ్ళూ పిలిపించుకునే వైపే నిలబడ్డాను. పిలిచే వైపు నుంచి చూడటం అదే మొదటిసారి. మెట్లు కనబడవు, అన్నీ తలలే. గంధం గుండ్లు, పూల కావళ్ళు, చంకల్లో పిల్లలు, అందరూ ఎటో చూస్తూ ఎక్కుతూ దిగుతూ ఉంటారు. పిలిస్తే ఆ పిలుపు పోయి వాళ్ళమధ్య పడుతుంది, ఎవరూ తిరగరు. ఒక్క తల తిరిగితే బాగుండునని నాకే అనిపించింది. ఇంకోసారి పిలిస్తే తిరుగుతారేమోనని కూడా అనిపించింది. ఎవరూ తిరగని ఆ గుంపుకేసి మా అమ్మ ఎన్నేళ్ళు అరిచిందో, గొంతులో కాయ ఎట్లా కాసిందో అప్పుడు తెలిసింది. ఆమె మీద కోపం అక్కడే పోయింది.

తోక ఒక్కటే ఎందుకు పిలవాలి అనిపించింది. అక్క పేరు మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. నాకు పేరు పెట్టాక అమ్మ కూడా అనలేదు. నేను గుండె నిండా గాలి పీల్చుకుని, "కోకిలా," అని పిలిచాను.

కొన్ని తలలు తిరిగాయి. ఒక చంటిది, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు, అరవై ఏళ్ళ ఒకావిడ కూడా. కొండంతా కోకిలలే ఉన్నారు. నేను మళ్ళీ మళ్ళీ పిలిచాను. నన్ను ఎవరైనా ఎట్లా పిలిస్తే బాగుంటుందని రోజూ అనుకునేదాన్నో అట్లా పిలిచాను. కింద అమ్మ తిరిగిన ప్రతి మొహాన్నీ చూసింది. ఆ తర్వాత చూడటం మానేసి, కళ్ళు మూసుకుని, వింటూ నిలబడింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. నాయన కండువాతో మొహం కప్పుకున్నాడు.

నా గొంతు జీర వచ్చి చీలిపోయింది. అప్పుడు అమ్మ కళ్ళు తెరిచి, ఆ తలలన్నిటి మధ్యలోంచి, నేరుగా నన్ను చూసింది. జనాన్ని తోసుకుంటూ మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది. నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, ఏదో అనబోయింది. అఖిల అనబోయింది. ఊపిరి చాలక చివర రాలేదు. మొదలు మాత్రమే వచ్చింది.

"అఖీ," అంది. "చాలు. నీకు గొంతు పోతాది. రా, ఇంటికి పోదాం."

చుట్టూ అంత గోలలో ఆ మాట నాకు తప్ప ఎవరికీ వినబడలేదు.  అంత చిన్నగా, అంత దగ్గరగా మా అమ్మ నా పేరు అనడం అదే మొదలు. కావలసింది దొరికింది. ఇక ఆమె కొంగు పట్టుకుని దిగిపోవడమే. కానీ దిగబుద్ధి కాలేదు. అప్పటిదాకా నాకు అక్క అక్కర్లేదు. నిజం చెప్పాలంటే ఆమె దొరక్కూడదనే ఉండేది. అమ్మ చేతుల్లో నా మొహం వెచ్చగా ఉంటే, ఈ చేతులు లేకుండా మా అక్క ఎక్కడుందో, దాన్ని ఎవరు ఏమని పిలుస్తున్నారో అన్న దిగులు పుట్టింది.

"ఇంకొక్కసారి మా," అన్నాను.

అమ్మ చేతులు వదిలింది. నేను ఇంకో మెట్టు పైకి ఎక్కి, జనం వైపు తిరిగి, ఈసారి నాకోసం, మా అక్కను పిలిచాను.